రాయితీ బస్తాకా, రైతుకా?

కోత పండుగ నాడు మన సంఘాల్లో వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు మందిరానికి వస్తాయి. అవి పండిన నేల గురించి, ఆ సేద్యానికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము గురించి మాత్రం మనం మాట్లాడుకోము. అది రాజకీయమని ఊరుకుంటాము. ఈ వారం ఆ సంగతే కొంత వివరించదలచాము.

45 కిలోల యూరియా బస్తాకు రైతు చెల్లించేది 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. మిగతాది కేంద్రం భరిస్తుంది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం వచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. డీఏపీ, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా చవకగానే ఉండిపోయింది. అందుకే పొలంలో అది అవసరానికి మించి పడుతోంది.

ఈ పద్ధతిలో ఎంత ఎక్కువ కొంటే అంత ఎక్కువ రాయితీ. ఒక్క బస్తా కూడా కొనక, పేడతో, గోమూత్రంతో జీవామృతం కలుపుకునే రైతుకు ఈ పద్దు నుండి ఏమీ రాదు.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని మేము అనము. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ, మహిళా సంఘాల తోడ్పాటుతో ప్రకృతి వ్యవసాయాన్ని పల్లెలకు తీసుకెళ్తోంది. 2024 నవంబరులో కేంద్రం 2,481 కోట్ల రూపాయలతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అయితే 2024-25లో ఎరువుల సబ్సిడీ ఒక్క ఏడాదికే లక్షా అరవై వేల కోట్లు దాటింది. ప్రసంగాలు ఒక దారిన, సొమ్ము మరో దారిన పోతున్నాయి.

అలాగని సబ్సిడీని ఒక్కసారిగా తీసేయమనడం కూడా తగదు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించింది. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది. కొన్ని నెలలకే నిషేధం ఎత్తివేయక తప్పలేదు. కష్టపడింది చిన్న రైతులే.

సేంద్రియ ధ్రువీకరణ రావాలంటే ఏడాది పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు ఆగాలి. ఆ కాలంలో దిగుబడి తగ్గవచ్చు, సేంద్రియ ధర మాత్రం ఇంకా దొరకదు. ఆసరా కావలసింది సరిగ్గా అప్పుడే. ఆ సాయం ఎకరాల లెక్కన సాగుచేసే మనిషికే, కౌలుదారుడైనా సరే, చేరాలని మా మనవి. వచ్చే ఏడు ఆ పొలం తనకు ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు నేలను ఎలా బాగుచేస్తాడు? మన సంఘాల్లో అలాంటివారు ఎందరో ఉన్నారు.

ఓటు అడగవచ్చినవారిని ఈ ప్రశ్న అడుగుదాం. దానికి ముందు మన చేతిలో ఉన్నది చేద్దాం. సంఘానికి పొలం ఉండి, దాన్ని ఏడాదికోసారి పాట పెట్టి కౌలుకిచ్చే చోట, ఈసారి మూడేళ్లకు రాసిద్దాం.