గుజ్జు అరిగింది మోకాల్లో, పని తొడకు

మీకు తెలుసా? మోకాలి దగ్గర ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థికి, అదే ఇళ్లల్లో మనం ‘గుజ్జు’ అనేసేదానికి, రక్తనాళాలు ఉండవు. నరాలూ ఉండవు. మరి దానికి తిండి? కీలులో ఉండే జిగురు ద్రవమే. అడుగు వేస్తే స్పాంజిలా అణుగుతుంది, కాలెత్తగానే ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. ‘అరిగిందన్నారు కదా, కదపకుండా దాచుకుందాం’ అని మంచం దిగకపోతే ఉన్న కాస్త గుజ్జునూ పస్తు పెట్టినట్టే.

మోకాలు వాచిందంటే తొడ కూడా పని తగ్గించేస్తుంది. ఇది మన బద్ధకం కాదు. వాపు కబురు అందగానే తొడ ముందుభాగపు కండరాలకు వెళ్లే ఆజ్ఞలే పలచబడిపోతాయి. నాలుగు కండరాల ఈ జట్టు పేరు క్వాడ్రిసెప్స్. మోకాలి చిప్పను పట్టుకుని కాలిని చాపేది అదే, మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువును మెల్లగా కిందికి దించే బ్రేకూ అదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి, మళ్లీ నడిచే దిగినవాళ్లను అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం గురించి చెబుతారు, దిగేటప్పుడు తొడల వణుకు గురించి. బ్రేకు వదులైన కాలు మెట్టు మీద ధబ్బున పడుతుంది, ఆ దెబ్బ మోకాలికి తగులుతుంది.

ఆ బ్రేకు బిగించడానికి జిమ్ము అక్కర్లేదు. మంచం మీద కాళ్లు చాపుకుని, ఒక తువ్వాలును చుట్టచుట్టి మోకాలి కింద పెట్టుకోండి. తువ్వాలును నలిపేస్తున్నట్టు మోకాలిని కిందికి అదమండి. అయిదు లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు. చిప్పకు పైన అరచెయ్యి ఆనించి చూడండి, కండరం గట్టిపడి పైకి లాగుతున్నట్టు తెలియాలి. తెలియకపోతే మీరు అదుముతున్నది పిరుదులతోనో, ఊపిరి బిగబట్టో అన్నమాట.

తరవాతి మెట్టు కుర్చీ. మా పెద్దత్తయ్య మొదట ప్లాస్టిక్ కుర్చీతో మొదలుపెట్టింది. టైల్స్ మీద అది వెనక్కి జారి గుండె ఝల్లుమనిపించింది. అప్పట్నుంచీ చెక్క కుర్చీ, అదీ గోడకు ఆనించి. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవడం, కూర్చోవడం. అంతే కదా అనిపిస్తుంది. కానీ ‘అమ్మా’ అంటూ మోకాళ్ల మీద చేతులు ఊని లేచే అలవాటు ఉన్నవాళ్లకు చేతులు కట్టుకోమంటేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆవిడకైతే కుర్చీలో రెండు దిళ్లు వేసి ఎత్తు పెంచాం. తరవాత ఒకటి తీసేశాం, నెల తిరక్కుండా రెండోదీ. కూర్చోవడం నెమ్మదిగా ఉండాలి సుమా. కుర్చీలో కూలబడితే సగం వ్యాయామం పోయినట్టే.

ఎక్కువ బరువు ఎత్తితే ఎక్కువ ఫలితమా? అమెరికాలో మోకాళ్ల అరుగుదల ఉన్న 377 మందిని మూడు జట్లు చేసి 18 నెలలు చూశారు. ఒక జట్టు బాగా బరువులెత్తింది, ఒకటి తేలికపాటివి, మూడోది ఆరోగ్య పాఠాలు వింది. 2021లో వచ్చిన ఫలితం జిమ్ము వాళ్లకు రుచించదు: భారీ బరువులెత్తినవాళ్లకు మిగతావాళ్లకంటే నొప్పేమీ ఎక్కువ తగ్గలేదు. అయితే 1997లో, అరవై దాటిన 439 మందితో చేసిన అధ్యయనంలో మాత్రం నడిచినవాళ్లకూ, కండరాలకు పని చెప్పినవాళ్లకూ ఉత్త పాఠాలు విన్నవాళ్లకంటే కొంత మేలు కనబడింది. కొంతే, అద్భుతం కాదు. వ్యాయామంతో గుజ్జు తిరిగి మొలుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. నా మటుకు నాకు, కిలో కందిపప్పు ప్యాకెట్ కాలికి కట్టుకోవడం కంటే ఉత్త కాలితోనే రోజూ మానకుండా చేయడం తెలివైన పనిగా తోస్తుంది.

చేస్తుంటే నొప్పి పుడితే? డెన్మార్క్‌లో 2013లో మొదలైన ‘గ్లాడ్’ కార్యక్రమంలో మోకాళ్ల నొప్పులవాళ్లకు వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు వ్యాయామం నేర్పుతారు. కాస్త నొప్పి ఉన్నా ఆపనివ్వరు. పదికి అయిదు లోపు ఉండి, మర్నాటికల్లా మామూలుకు వచ్చేస్తే ఫరవాలేదని లెక్క. రాకపోతే తగ్గించి చేయాలి. మోకాలు ఎర్రబడి వేడిగా వాచినా, మడత దగ్గర ఇరుక్కుపోయి చాపలేకపోయినా మాత్రం డాక్టరు దగ్గరికే.

ఇంకొకటి. ఒంట్లో కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు.

కుడికాలు ముందు పెట్టడం గృహప్రవేశానికే. మెట్ల దగ్గర ఆ పట్టింపు వదిలేయండి: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. రెయిలింగ్ ఉంటే పట్టుకోండి, చూసేవాళ్లు ఏమనుకున్నా సరే.