కందులు పండించే ఇంట్లో పప్పు పలుచనెందుకు?

పోయిన వీడియోలో కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో పప్పు చేయడం చూపించాను కదా. అది చూసి ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది పప్పు గురించి అడగలేదు. "మీ ఇంట్లో మాంసం తగ్గించిండ్రంట, పొలం పనికి బలం ఎట్ల సరిపోతది అన్నా?" అనే అడిగారు.

పూర్తిగా మానలేదు. పండగకో, చుట్టాలు వస్తేనో వండుకుంటాం. మిగతా రోజుల్లో చేను ఇచ్చిందే తింటున్నాం. 2014 ఎస్‌ఆర్‌ఎస్ సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులమే. ఇక్కడ మాంసం తప్పని చెప్పే ఉద్దేశం నాకు లేదు. లెక్క చెప్తాను, మీరే చూసుకోండి.

ఐసీఎంఆర్-ఎన్ఐఎన్ 2020 సిఫారసు ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాములుంటుంది, మూడు వందల గ్రాముల జొన్నల్లో 30. గుప్పెడు పల్లీలు కలిపితే లెక్క దాటిపోతుంది. జొన్నల్లో తక్కువుండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువుండే మిథియోనిన్ జొన్నల్లో ఉంటుంది. డిప్లొమాలో ఇదంతా పశువుల దాణా పాఠంలో చదివాం. మనిషి కంచం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు!

ఇక పైసల సంగతి. 2024-25లో కందుల మద్దతు ధర క్వింటాకు 7,550 రూపాయలు. ఆ ఏడాదే కొట్టులో కిలో కందిపప్పు 150 దాటింది. క్వింటా పట్టిస్తే 65 నుంచి 70 కిలోల పప్పు వస్తుంది. పట్టించే ఖర్చు పక్కన పెడితే కిలో మనకు 110-115 పడుతుంది, పొట్టు ఆవుకు మిగులుతుంది. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. అదే చుట్టుపక్కల ఊళ్లలో రైతు కందులన్నీ అమ్మేసి ప్యాకెట్ పప్పు కొనుక్కుంటున్నాడు. ధర ఎక్కువ కాబట్టి ఇంట్లో పప్పు పలుచనవుతుంది.

ఐదుగురున్న ఇంటికి మనిషికి రోజూ 100 గ్రాముల చొప్పున వేసుకున్నా ఏడాదికి మూడు క్వింటాళ్ల లోపు కందులు చాలు. నిజానికి అన్నీ కందులే అక్కర్లేదు. పెసర్లు, ఉలవలు, బొబ్బర్లు కూడా తింటాం. ఇంట్లో వాటికి గిరాకీ ఉంటే చేనులో సాళ్లు వాటంతట అవే వస్తాయి. వాటి వేరు బుడిపెలు నేలకు నత్రజని ఇస్తాయి. జీవామృతం డ్రమ్ములో 200 లీటర్లకు 2 కిలోల పప్పు పిండి కొలిచి వేస్తాం. మరి పిల్లల కంచంలో ఎంత వేస్తున్నామో ఎప్పుడైనా కొలిచామా?

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది వేరే ఉంది. చికెన్ వండిన రోజు ముక్కలు మొదట మగవాళ్లకు, మగపిల్లలకు పడతాయి. చివర్న తినే ఆడవాళ్లకు పులుసు మిగులుతుంది. నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా వాళ్లే. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో తెలంగాణ మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. గుండెడు బొబ్బర గుడాలు, గిన్నెనిండా చిక్కటి మునగాకు పప్పు చేస్తే ఆఖరున కూర్చున్నవాళ్లకూ అందుతుంది. పైన నిమ్మకాయ పిండుకోవాలి, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ మాత్రం వద్దు.

"పాలు కూడా మానాలా?" అని కొందరు అడిగారు. దేశవాళీ ఆవు లేనిదే మన వ్యవసాయం నడవదు. దూడ తాగగా మిగిలిన పాలు మా ఇంట్లో పెరుగవుతాయి. రాగుల్లో వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, మొలకట్టి పిండి పట్టిస్తే ఇంకా మంచిది. కానీ బి12 మొక్కల్లో దొరకదు. పాలు, గుడ్లు అన్నీ మానాలనుకునేవాళ్లు డాక్టర్‌ను అడిగి బి12 మాత్రలు వాడాల్సిందే. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలో ఇది అస్సలు మరవొద్దు.

మూడు నెలలు చేసి చూడండి. ఈసారి కందులు కాంటా పెట్టే ముందే ఇంటి బస్తాలు పక్కకు తీసి, వేపాకు వేసి మూతి కట్టండి. ఉలవలు మొలకట్టే పద్ధతి వచ్చే వీడియోలో మా అమ్మ చూపిస్తుంది.