ఈత బావుల్లో పొంచి ఉండే జబ్బులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పిల్లలు ఎండాకాలం ఈత నేర్చేది వ్యవసాయ బావుల్లో, చెరువుల్లోనే. ఒకప్పుడు దిగుడు బావులంటే నారిపురుగు భయం; 2000లో దేశానికి దాని పీడ విరగడైనట్లు ప్రకటించారు.

చెవిపోటు మామూలే, చుక్కల మందుతో తగ్గుతుంది. పశువుల మూత్రం కలిసిన మడుగుల్లోని లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా పుండ్ల గుండా చేరి జ్వరం, కామెర్లు తెస్తుంది; మొదట్లోనే డాక్సీసైక్లిన్ వాడితే లొంగుతుంది. ముక్కులో ఎర్రటి కండ పెరిగి నెత్తురు కారితే అది రైనోస్పోరిడియోసిస్ కావచ్చు. కోసి, మొదలు కాల్చినా మళ్లీ మొలిచే మొండి రోగమది.

అత్యంత అరుదైనది, ప్రాణాంతకమైనది నెగ్లేరియా ఫౌలెరి. ఈ అమీబా వెచ్చటి నీటితో ముక్కులోకి వెళ్లి మెదడుకు పాకుతుంది. తాగితే మాత్రం ఏమీ కాదు. ఈత తర్వాత తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ బిగుసుకోవడం కనిపిస్తే ఈత సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. 2024లో కేరళలో త్వరగా గుర్తించి, మిల్టెఫోసిన్ వాడటంతో ఒక బాలుడు బతికాడు. అడుగంటిన నీళ్లలో దూకకపోవడం, అడుగు బురద కలపకపోవడం, ముక్కుకు క్లిప్పు పెట్టుకోవడం ముందుజాగ్రత్తలు. ఈతకొలనుల్లోనైతే సరిపడా క్లోరిన్ ఉండాలి.