విండోస్‌ కొత్తది... వేగమే ఏమైంది?

కంప్యూటర్‌ ఆన్‌ చేసి, వంటింట్లోకెళ్లి టీ పెట్టుకుని వచ్చినా తెరమీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయా? బ్రౌజర్‌ మీద క్లిక్‌ చేస్తే 'ఇదిగో వస్తున్నా' అని ఊరించి మళ్లీ మౌనం! కొత్త విండోస్‌ వేసినప్పట్నుంచే ఈ తంటా.

విండోస్‌ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సేవలు ఆగిపోవడంతో చాలామంది తమ పాత సిస్టమ్‌లకు విండోస్‌ 11 ఎక్కించారు. నత్తనడక మొదలయ్యాక రిపేరు షాపుకి వెళ్తే తరచూ వినిపించేవి రెండే మాటలు. 'ఫార్మాట్‌ కొట్టేద్దాం', లేదంటే 'పాతదైపోయింది సార్‌, కొత్తది తీసుకోండి'. మొదటిదానికి సరేనంటే పిల్లల ఫొటోలూ, ప్రాజెక్టు ఫైళ్లూ గల్లంతయ్యే ప్రమాదం. రెండోదానికైతే జేబుకి చిల్లు. ఏదో ఒకదానికి తలూపే ముందు ఓ పది నిమిషాలు వెచ్చిస్తే అడ్డుపడుతున్నదేమిటో మనకే తెలుస్తుంది.

అయితే మొదటి రెండ్రోజులూ ఏమీ చేయకండి. కొత్త ఇంట్లో దిగగానే సామాన్లు సర్దుకున్నట్టు, అప్‌గ్రేడ్‌ అయ్యాక విండోస్‌ కూడా తన పనిలో తానుంటుంది. ఫైళ్లన్నిటికీ మళ్లీ సూచిక రాసుకుంటుంది, వైరస్‌ తనిఖీ చేస్తుంది, మిగిలిన అప్‌డేట్లు దించుకుంటుంది. ఛార్జర్‌ పెట్టి ఓ రాత్రంతా వదిలేయండి. చాలా సిస్టమ్‌లు దీంతోనే కుదుటపడతాయి.

బరువు ఎవరి మీద?

అప్పటికీ తీరు మారకపోతే కంట్రోల్‌, షిఫ్ట్‌, ఎస్కేప్‌ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్‌ మేనేజర్‌ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్‌ అంటూ శాతాలు కనిపిస్తాయి. మీరు ఏ పనీ చేయకపోయినా డిస్క్‌ ఎప్పుడూ నూరు శాతం దగ్గరే ఉందా? అయితే దొంగ దాదాపు దొరికినట్టే. 'పెర్ఫార్మెన్స్‌' విభాగంలో డిస్క్‌ మీద నొక్కితే అది హార్డ్‌డిస్కో, ఎస్‌ఎస్‌డీయో రాసి ఉంటుంది.

పాత ల్యాప్‌టాప్‌ హార్డ్‌డిస్కుల్లో చాలావాటిలో నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది. దానిమీద ఓ చిన్న తల అటూ ఇటూ జరుగుతూ సమాచారాన్ని వెతుకుతుంది. అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న ముక్కల్ని సెకనుకి వంద తెచ్చిస్తే గొప్ప. ఇప్పటి విండోస్‌ వెనకాల ఒకేసారి బోలెడు పనులు చేస్తుంటుంది. ఇరవైమంది ఒక్కసారే కేకేస్తే హోటల్లో ఒకే ఒక్క సర్వరు ఏం చేస్తాడు? తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకి వేలల్లో చేసేస్తుంది. విచిత్రమేమిటంటే, విండోస్‌ 11కి కనీసం 64 జీబీ స్థలం ఉండాలన్న మైక్రోసాఫ్ట్‌, అది ఏ రకం డిస్కో మాత్రం షరతు పెట్టలేదు. అందుకే అప్‌గ్రేడ్‌ సాఫీగా అయిపోతుంది, అవస్థ తర్వాత మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ హార్డ్‌డిస్క్‌ స్థానంలోనే సరిపోయే ఎస్‌ఎస్‌డీలు దొరుకుతాయి. ఉన్న విండోస్‌నీ, ఫైళ్లనీ యథాతథంగా దాంట్లోకి ఎక్కించొచ్చు. కొత్త కంప్యూటర్‌ ధరతో పోలిస్తే ఈ ఖర్చు చాలా తక్కువ.

డిస్క్‌ నెమ్మదించి మెమరీ ఎనభై, తొంభై శాతం దాటుతోందంటే ర్యామ్‌ చాలడం లేదన్నమాట. 2001లో వచ్చిన విండోస్‌ ఎక్స్‌పీ 64 ఎంబీ ర్యామ్‌తో సరిపెట్టుకుంది. 2021లో వచ్చిన విండోస్‌ 11కి కనీసం 4 జీబీ, అంటే 64 రెట్లు కావాలి! అదీ కనీసమే. 4 జీబీతో విండోస్‌ నడుస్తుంది, దానిమీద బ్రౌజర్‌ నడిపితేనే కష్టం. 8 జీబీ ఉంటే నయం. ర్యామ్‌ కొనే ముందు అదే టాస్క్‌ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కి, ఎన్ని స్లాట్లున్నాయో చూసుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం.

బ్రౌజర్‌ సంగతి

2008లో క్రోమ్‌ వచ్చినప్పుడు దాని గొప్పంతా ఒక్కో ట్యాబ్‌నీ విడివిడి ప్రోగ్రాంలా నడపడమే. ఒకటి పడిపోయినా మిగతావి నిలబడతాయి. ఆ భద్రతకి మూల్యం మెమరీ. 'తర్వాత చదువుదాంలే' అని వదిలేసిన ముప్ఫై ట్యాబ్‌లూ ఊరికే ఏం ఉండవు, తమ వాటా తాము తింటూనే ఉంటాయి. క్రోమ్‌ సెట్టింగ్స్‌లోని 'పెర్ఫార్మెన్స్‌'లో మెమరీ సేవర్‌ ఆన్‌ చేస్తే వాడని ట్యాబ్‌లను అదే నిద్రపుచ్చుతుంది. ఎడ్జ్‌లోనూ ఇలాంటి ఏర్పాటుంది.

మరో చిట్కా. నెమ్మదిగా వస్తున్న పేజీనే ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. మామూలుగా అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ చకచకా వస్తే తప్పు విండోస్‌ది కాకపోవచ్చు. ఎప్పుడో కూపన్ల కోసమో, వీడియోల కోసమో తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటే ఆపి చూడండి. అదే వైఫైలో ఫోన్లోనూ నెమ్మదిగానే వస్తుంటే కంప్యూటర్ని తిట్టి లాభంలేదు.

వీడియోలే ఆగి ఆగి వస్తుంటే 'డివైస్‌ మేనేజర్‌'లో డిస్‌ప్లే అడాప్టర్‌ పేరు చూడండి. అక్కడ 'మైక్రోసాఫ్ట్‌ బేసిక్‌' అని ఉంటే అసలు గ్రాఫిక్స్‌ డ్రైవర్‌ పనిచేయడం లేదని అర్థం. బొమ్మలు గీసే పనీ ప్రాసెసర్‌ నెత్తిన పడుతుంది. ల్యాప్‌టాప్‌ కంపెనీ సైట్‌ నుంచి సరైన డ్రైవర్‌ వేసుకోవాలి. ఈ వెతుకులాటలోనే 'మీ పీసీని ఒక్క క్లిక్కుతో పరుగులు పెట్టిస్తాం' అనే ప్రకటనలు ఎదురవుతాయి. వాటి జోలికి పోవద్దు. ఉన్న బరువు చాలదని ఇంకోటి నెత్తినెత్తుకోవడమే.

పాతదానికి వెళ్లిపోదామా అంటారా? సెట్టింగ్స్‌లో 'సిస్టమ్‌', 'రికవరీ'ల్లోకి వెళ్తే 'గో బ్యాక్‌' ఉంటుంది. కానీ గడువు మామూలుగా పది రోజులే. ఈలోపు జాగా కోసమని పాత విండోస్‌ ఫైళ్లను తుడిచేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. పైగా విండోస్‌ 10లో భద్రతా అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి. ఇళ్లలో వాడేవారికి మైక్రోసాఫ్ట్‌ ప్రకటించిన ఆ వెసులుబాటు గడువు 2026 అక్టోబరు 13. వెనక్కి వెళ్లాలనుకుంటే ముందు ఫొటోలూ ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకుని, ఆ పది రోజుల్లోపే నిర్ణయించుకోండి.