ఊరి జాబితాలో యువత పేరేదీ?

* ఓటు ఉంటేనే గ్రామసభలో చోటు
* వార్డులవారీ జాబితా వేరుగా ఉంటుందని తెలియనివారెందరో
* పద్దులు అడిగే హక్కు అందరిదీ.. అడిగేవారే కరవు

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అప్పటికే పద్దెనిమిదేళ్లు నిండి, ఓటరు గుర్తింపు కార్డు అందుకున్న ఎందరో యువతీ యువకులు ఆ ఎన్నికల్లో సర్పంచికి గాని, వార్డు సభ్యుడికి గాని ఓటు వేయలేకపోయారు. వారి దరఖాస్తుల్లో లోపం లేదు. 2021 జనవరి నాటి ఓటర్లతో పంచాయతీల జాబితాలు సకాలంలో సిద్ధం కాకపోవడంతో రాష్ట్ర ఎన్నికల సంఘం 2019 నాటి జాబితాలతోనే ఎన్నికలు నిర్వహించింది. సుమారు 3.6 లక్షల మంది కొత్త ఓటర్లు అవకాశం కోల్పోతున్నారని నాటి ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్‌కుమార్ స్వయంగా చెప్పారు. విషయం హైకోర్టు వరకు వెళ్లినా ఎన్నికలు అదే జాబితాతో ముగిశాయి.

2019 జనవరి 1 తరువాత పద్దెనిమిదేళ్లు నిండిన వారికి ఆ విధంగా అయిదేళ్ల పాలకవర్గంపై తీర్పు చెప్పే వీలు లేకుండాపోయింది. 2021లో ఎన్నికైన సర్పంచుల గడువు 2026లో తీరేది. అంటే నాడు జాబితాకు ఒక్కరోజు తేడాతో దూరమైన వ్యక్తి తన ఊరి సర్పంచికి తొలి ఓటు వేసేసరికి పాతికేళ్లు దాటుతాయన్న మాట.

ఇది ఒక్కసారి జరిగిన పొరపాటు కూడా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013 జులైలో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తిచేయాలని రాజ్యాంగంలోని 243-ఇ అధికరణం చెబుతున్నా, ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. 2013 ఆగస్టులో పద్దెనిమిదేళ్లు నిండిన యువకుడు 2021లో తొలిసారి సర్పంచిని ఎన్నుకునే నాటికి అతని వయసు పాతిక. ఈ మధ్యలో అతడు ఎమ్మెల్యేకు, ఎంపీకి రెండేసిసార్లు ఓటు వేసి ఉంటాడు. వీధి దీపం వెలగకపోతే నిలదీయవలసిన మనిషిని ఎన్నుకునే అవకాశం మాత్రం అన్నింటికన్నా ఆఖరున వచ్చింది. తెలంగాణలోనూ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు వరకు పంచాయతీలకు పాలకవర్గాలు లేవు. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే ఆర్థిక సంఘం నిధులు ఇవ్వాలన్న నిబంధన వల్ల ఆ కాలంలో కేంద్ర గ్రాంట్లు నిలిచిపోయాయి. కార్యదర్శులు ట్రాక్టరు డీజిలుకు సైతం అప్పులు చేశారని నాడు వార్తలు వచ్చాయి.

ఎన్నికలు ఎప్పుడు పెట్టాలన్నది యువత చేతిలో లేదు. జాబితాలో పేరు ఉండేలా చూసుకోవడం మాత్రం వారి చేతిలోనే ఉంది.

జాబితాలు రెండు.. మూలం ఒకటే

అసెంబ్లీ, లోక్‌సభ ఓటర్ల జాబితాను కేంద్ర ఎన్నికల సంఘం ఆధ్వర్యంలో తయారుచేస్తారు. స్థానిక సంస్థల ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహిస్తుంది. ఈ రెండూ వేర్వేరు రాజ్యాంగ సంస్థలు. అయితే పంచాయతీ జాబితాకు ఇంటింటికీ తిరిగి కొత్తగా పేర్లు రాయరు. అసెంబ్లీ జాబితాలో ఆ ఊరికి సంబంధించిన భాగాన్ని తీసుకుని వార్డులవారీగా విడదీస్తారు. ముసాయిదాను పంచాయతీ కార్యాలయంలో అతికించి, అభ్యంతరాలు విని, తుది జాబితా ప్రకటిస్తారు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఎన్నికల ప్రకటన వెలువడ్డాక పంచాయతీ కార్యదర్శి వద్దకు వెళ్లి పేరు రాయమంటే ఆయన చేయగలిగింది లేదు. అసెంబ్లీ జాబితాలో లేని పేరును ఊరి జాబితాలో చేర్చే అధికారం కార్యదర్శికి ఉండదు. పేరుండీ వార్డు మారిపోయినట్లయితే, భార్య ఒక వార్డులో, భర్త మరో వార్డులో పడినట్లయితే ముసాయిదా దశలోనే లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఆ నాలుగైదు రోజులు గోడకు అతికించిన కాగితాలను చదివేవారు ఊరికి పదిమంది కూడా ఉండరు. ఆ పదిమందీ పోటీకి దిగదలచినవారే!

కొత్తగా పేరు నమోదుకు ఫారం-6 ఇవ్వాలి. చిరునామా మార్పు, తప్పుల సవరణకు ఫారం-8. పోలింగ్ కేంద్రం పరిధిలోని బూత్ స్థాయి అధికారికి నేరుగా ఇవ్వవచ్చు, ఎన్నికల సంఘం వెబ్‌సైటు, సెల్‌ఫోన్ యాప్ ద్వారానూ పంపవచ్చు. సందేహాలకు 1950 నంబరుకు ఫోన్ చేస్తే సరిపోతుంది. గతంలో జనవరి 1 నాటికి పద్దెనిమిదేళ్లు నిండితేనే ఆ ఏడాది నమోదు చేసేవారు. జనవరి 2న పుట్టినవారు దాదాపు ఏడాదిపాటు నిరీక్షించవలసి వచ్చేది. 2022 ఆగస్టు నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1.. ఇలా నాలుగు తేదీలను అర్హతకు ప్రాతిపదికగా తీసుకుంటున్నారు. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు ఇచ్చుకోవచ్చు. అంటే ఇంటర్ రెండో సంవత్సరంలోనే ఆ పని పూర్తిచేసుకోవచ్చు.

ఏటా జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవాన్ని జరుపుతున్నారు. 2011లో మొదలైన ఈ కార్యక్రమంలో కళాశాలల విద్యార్థులను రోడ్డుపై నిలబెట్టి, చేతులు చాపించి ప్రతిజ్ఞ చేయిస్తారు. మరుసటి రోజు పత్రికల్లో ఫొటోలు వస్తాయి. అదే వరుసలో తిరిగి ఒక్కొక్కరికీ ఫారం-6 ఇచ్చి, అక్కడే నింపించి తీసుకుంటే ప్రతిజ్ఞ కన్నా మేలు జరుగుతుంది. అలా చేసే కళాశాలలు లేకపోలేదు గాని తక్కువ.

హాస్టల్లో ఉన్నవారి ఓటు ఎక్కడ?

డిగ్రీ, ఇంజినీరింగు చదువులకు పట్టణాలకు వెళ్లిన వారిలో ఈ సందిగ్ధం ఎక్కువ. చదువుకునే చోట గాని, తల్లిదండ్రుల ఊళ్లో గాని.. ఏదో ఒకచోట మాత్రమే నమోదు కావాలి. రెండుచోట్లా ఉంచుకోవడం చట్టవిరుద్ధం. దరఖాస్తులో తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది వరకు జైలుశిక్షకు ప్రజాప్రాతినిధ్య చట్టం వీలు కల్పిస్తోంది.

ఎక్కడ నమోదు కావాలన్నది ఎవరి ఇష్టం వారిదే అయినా దాని పర్యవసానం తెలిసి ఎంచుకోవడం మంచిది. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవారందరూ. ఓటును నగరానికి మార్చుకున్న యువకుడు సెలవులకు వచ్చి గ్రామసభలో కూర్చోవచ్చు, అతని మాటకు మాత్రం లెక్క ఉండదు. పోనీ నగరంలోనైనా ఓటు వేస్తున్నారా అంటే, 2020 డిసెంబరు 1న జరిగిన గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో పోలింగ్ 46.55 శాతం మాత్రమే. అక్కడ వేయక, ఇక్కడ లేక రెంటికీ చెడుతున్నవారే ఎక్కువ!

పల్లెల్లో పోలింగ్ ఏనాడూ తక్కువ కాదు. పంచాయతీ ఎన్నికలంటే 80 శాతం దాటడం మామూలే. బెంగళూరు, హైదరాబాద్ నుంచి వలస ఓటర్లను తెచ్చేందుకు అభ్యర్థులే బస్సులు పెడతారు, ఫోన్లలో చార్జీలు జమ చేస్తారు. ఆ డబ్బుతో వచ్చి, గులాబీ రంగు కాగితంపై సర్పంచికి, తెల్ల కాగితంపై వార్డు సభ్యుడికి ముద్ర వేసి, ఆ సాయంత్రమే ఫలితం చూసుకుని తిరుగు ప్రయాణమవుతారు. మళ్లీ అయిదేళ్లకు గాని పంచాయతీ గుర్తుకు రాదు. శాతాలు చూసి మురిసిపోయే మనం ఆ మర్నాడు ఏమి జరుగుతోందో చూడటం లేదు.

సంతకాల సభలు

గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. తెలంగాణ 2018లో తెచ్చిన కొత్త చట్టం రెండు నెలలకోసారి తప్పనిసరి చేసింది. సభలు జరపని సర్పంచిపై వేటు వేసే నిబంధనా పెట్టింది. పంచాయతీ వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, గడచిన ఏడాది పాలన నివేదిక, రాబోయే ఏడాది చేపట్టే పనులు, కొత్త పన్నులు లేదా పన్నుల పెంపు ప్రతిపాదనలు, పథకాల లబ్ధిదారుల ఎంపిక.. ఇవన్నీ గ్రామసభ ముందుకు రావలసినవే.

ఆచరణ వేరుగా ఉంది. చాలాచోట్ల సభలు తూతూమంత్రంగా సాగుతున్నాయి. ముందురోజు రాత్రి చాటింపు, మర్నాడు పదిన్నరకు సభ. కూలిపనులకు వెళ్లేవారు అప్పటికే పొలాల్లో ఉంటారు. అరుగుమీద కూర్చున్న పెద్దలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, సచివాలయ సిబ్బంది, సర్పంచి వెంట తిరిగే నలుగురు.. ఇంతే హాజరు. తీర్మానాల పుస్తకంలో సంతకాలు చాలకపోతే సాయంత్రం ఇల్లిల్లూ తిప్పి చేయిస్తారు. ఆ పుస్తకంలో ఏ తీర్మానం రాసి ఉన్నదో చదివి సంతకం చేసినవారిని ఈ విలేఖరి అరుదుగా చూశాడు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆనాడు ప్రభుత్వ యంత్రాంగమంతా కదిలింది కాబట్టి జనమూ కదిలారు. ఏ హడావుడీ లేని మామూలు సభకు ఎందరు వస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ చదువుకున్న యువత చేయగల పని ఎంతో ఉంది. ఊళ్లో లెక్కలు చదవగలిగింది, కంప్యూటరు తెలిసింది వారికే. కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో ప్రతి పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చులు ఉంటాయి. వాటిని చూడటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ పేర్లు ఎంచుకుంటే చాలు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వెచ్చించాలి. మురుగుకాలువ తీయడానికి డబ్బుల్లేవని పంచాయతీలో సమాధానం వచ్చినపుడు ఈ ఒక్క లెక్క తెలిసిన యువకుడు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

వెబ్‌సైటులో దొరకని బిల్లులు, కొలతల పుస్తకం నకళ్ల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వవచ్చు. గ్రామస్థాయి కార్యాలయంలో దీనికి రుసుము లేదు, మండలస్థాయిలో అయిదు రూపాయలు. తెల్ల కాగితంపై రాసిస్తే చాలు. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. ఊళ్లో దరఖాస్తు పెట్టినవాడిని విరోధిగా చూసే అలవాటు ఉన్నమాట నిజమే. అందుకే ఒక్కరుగా కాక నలుగురు కలసి, ఒక వ్యక్తి మీద కాక ఒక పని మీద అడగడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు. ఫలానా వీధి సిమెంటు రోడ్డు అంచనా ఎంత, ఎంత పొడవు వేశారు, బిల్లు ఎంత చెల్లించారు.. ప్రశ్న ఇలా ఉంటే తప్పించుకోవడం కష్టం.

లెక్కలు అడగడం మన పల్లెలకు కొత్త కాదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైన తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీని పెద్దయెత్తున చేపట్టారు. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువతకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, మస్టర్లను కూలీల మాటతో పోల్చి చూశారు. బయటపడిన అక్రమాలను జనం ముందు చదివి వినిపించారు. మండల కేంద్రంలో అధికారుల ఎదుట మైకు పట్టుకుని పద్దు చదివినవారిలో పదో తరగతి, ఇంటర్ చదివినవారే అధికం. వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లిది మరో దారి. తాగునీరు, పారిశుద్ధ్యం వంటి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని, ఊరందరికీ బాధ్యత పంచారు. ఇంటిపన్ను నూరుశాతం వసూలు చేసుకున్న ఆ ఊరు 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది.

ఏకగ్రీవమైతే ఓటే లేదు

ఊరంతా ఒక్కమాటపై నిలిచి మంచి మనిషిని ఎన్నుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. 2021లో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి రూ.5 లక్షల నుంచి రూ.20 లక్షల వరకు ప్రోత్సాహకం ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. గుడికి ఇంత, బడికి ఇంత అని పాట పెట్టి సర్పంచి పదవిని అమ్మిన ఉదంతాలూ రెండు రాష్ట్రాల్లో ప్రతి ఎన్నికలోనూ వెలుగుచూస్తున్నాయి. ఆ పాటలో కూర్చునేది భూమి, డబ్బు ఉన్న కుటుంబాల పెద్దలు. పద్దెనిమిదేళ్ల కొత్త ఓటరును గాని, కూలి కుటుంబంలోని ఆడపిల్లను గాని అక్కడికి ఎవరూ పిలవరు. ఓటు ఉండి కూడా వేసే పని లేకుండాపోయేది ఇక్కడే.

పోటీకి వయసు 21

ఎమ్మెల్యేగా పోటీకి 25 ఏళ్లు నిండాలి. పంచాయతీలో 21 చాలు. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో మహిళలకు 50 శాతం స్థానాలు కేటాయించినందున డిగ్రీ పూర్తిచేసి ఊళ్లోనే ఉన్న యువతులకు అవకాశం మరింత ఎక్కువ. గెలిచిన మహిళ బదులు భర్తో, మామో కుర్చీలో కూర్చునే దురాచారం చదువుకున్నవారు వచ్చినచోట కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

సర్పంచి పదవికి లక్షలు ఖర్చవుతున్నాయని భయపడేవారు వార్డు సభ్యత్వాన్ని చిన్నచూపు చూస్తున్నారు. జనాభాను బట్టి పంచాయతీకి 5 నుంచి 21 వరకు వార్డులుంటాయి. రెండు వేల ఓట్లున్న ఊళ్లో 11 వార్డులుంటే ఒక్కో వార్డుకు సగటున సుమారు 180 ఓట్లే ఉంటాయి. ముగ్గురు పోటీపడితే డెబ్బై ఓట్లతో గెలవవచ్చు. సమానంగా వస్తే చీటీ తీసి తేలుస్తారు. అలా గెలిచిన సభ్యులే చేతులెత్తి ఉప సర్పంచిని ఎన్నుకుంటారు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం చెక్కుపై సర్పంచి సంతకంతో పాటు ఆ ఉప సర్పంచి సంతకం కూడా ఉండాలి.