హిప్నాసిస్‌తో ఇంటర్వ్యూ భయం పోతుందా?

ఇంటర్వ్యూ మెయిల్ వచ్చిన రాత్రి నుంచే మీకు కడుపులో తిప్పడం మొదలవుతుందా? పొద్దున్నే నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరుగులా? బీటెక్ ఫైనలియర్‌లో నాదీ అదే కథ. రెండు కంపెనీల హెచ్ఆర్ రౌండ్లు ఈ కడుపు వల్లే పోయాయి. ‘సబ్‌కాన్షస్ మైండ్‌ని ఒక్కరోజులో మార్చేస్తాం’ అంటే నమ్మి, రూ.5 వేలు కట్టి ఓ వర్క్‌షాపుకి వెళ్లా. రెండు గంటలు కళ్లు మూసుకుని కూర్చోబెట్టారు. తర్వాతి ఇంటర్వ్యూకి కడుపు మళ్లీ తిప్పింది. డబ్బులు గోవిందా!

అలాగని హిప్నాసిస్ మొత్తం బూటకమేమీ కాదు. సినిమాల్లో చూపించినట్టు ఎవరో మనల్ని ఆడించడమూ కాదు, నిద్రా కాదు. ఒకే విషయం మీద గాఢంగా దృష్టి నిలిపినప్పుడు మనసు సూచనలను తేలిగ్గా తీసుకునే స్థితి అది. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం, మందులకు లొంగని ఐబీఎస్ ఉన్న 30 మందిపై పరీక్షిస్తే, హిప్నోథెరపీ తీసుకున్నవారికి బాగా ఉపశమనం కలిగింది. కడుపుపై చెయ్యి పెట్టుకుని వెచ్చదనాన్ని ఊహించుకోవడం, పేగుల కదలికను ప్రశాంతంగా పారే నదిలా చూడటం... ఈ పద్ధతిలో చేయించేవి ఇలాంటివే. వారాల తరబడి సెషన్లు, ఇంట్లో రోజూ సాధన తప్పవు. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కు దీన్ని పరిశీలించవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లోనూ ఉంది.

అన్నిటికీ ఇదే మందు అనుకోవద్దు. సిగరెట్ మాన్పించడంలో మిగతా పద్ధతులకంటే మెరుగని స్పష్టమైన ఆధారం లేదు. ‘చదివిందంతా గుర్తొస్తుంది’ అనే ప్రకటనలైతే అసలు నమ్మకండి. హిప్నాసిస్‌లో జరగనివి జరిగినట్టు గుర్తొచ్చే ప్రమాదమూ ఉంది.

ముందు డాక్టరుకి చూపించుకోండి. బరువు తగ్గుతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా అది ఇంటర్వ్యూ భయం అని వదిలేయొద్దు. హిప్నోథెరపీకి వెళ్లాలనుకుంటే సైకియాట్రిస్టునో, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. రిజిస్ట్రేషన్ నంబర్ అడగడానికి మొహమాటపడకండి. ఫీజు భారమనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఇది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నేను చివరికి వెళ్లిన సైకాలజిస్టు మొదట చేయించింది మాక్ ఇంటర్వ్యూలు! హిప్నాసిస్ మూడో సెషన్‌లో గానీ మొదలవలేదు. ఇప్పటికీ ఇంటర్వ్యూ అంటే కడుపు తిప్పుతుంది. కాకపోతే బాత్రూమ్‌కి ఒక్కసారే.