మంగినపూడి బీచ్ - అలలు, వాతావరణం

మంగినపూడి బీచ్ కృష్ణా జిల్లాలో మచిలీపట్నానికి సుమారు 11 కి.మీ. దూరంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్నది. ఇక్కడి నల్లమట్టి తీరం వద్ద సముద్రం లోతు తక్కువ. అందువలన అలలు ఒడ్డుకు దూరంగానే విరిగి బలహీనపడతాయి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాల వలన అలల ఉధృతి పెరుగుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయం ఎక్కువ.

మామూలు రోజులలో అలలను తగ్గించే ఈ లోతు తక్కువ సముద్రమే, తుఫాను గాలి నెట్టిన నీటిని ఉప్పెనగా ఎత్తుతుంది. 1864లో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది మంది ఇటువంటి ఉప్పెనలలో మరణించారు. ప్రస్తుతం భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలను, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు సూచనలను ముందుగా తెలుపుతున్నాయి. సముద్రం ప్రశాంతంగా కనిపించినా, హెచ్చరిక ఉన్నపుడు తీరానికి వెళ్ళరాదు.